షెనాన్సో కోటకు సైకిలు ప్రయాణము

ఫ్రాన్సు దేశపు నదులలోకెల్ల ల్వారు నది పొడవైనది. వేయి కిలోమీటర్లకు మించి ప్రవహించు ఈ నది వేసవిలో మన గోదావరివలెనే సన్నగిలి, నడుమ నడుమ ఇసుకతిన్నెలను బయటపెట్టును. దీని వెంబడి సైకిలువారికై సుమారు 900 కిలోమీటర్ల బాట ఏర్పరుపబడియున్నది. అంతయు త్రొక్కగలమను భ్రమ మాకు లేదు. స్నేహితురాండ్రము నలుగురము జూను మాసమున ఒక్క దినము అంబ్వాజ్ పట్టణము నుండి షెనాన్సో కోటవరకు పోయిరావలెనని మాత్రము నిశ్చయించుకొంటిమి. దూరము పోను సుమారు 15 కిలోమీటర్లు.

సైకిళ్లు అద్దెకిచ్చు అంగడివాడు మమ్మెగాదిగ చూచి, విద్యుత్తుతో నడచు సైకిళ్లను ముందుకు త్రోసెను. మాలో పెద్దవారగు వదినగారికి 52 ఏండ్లు. వారు సైకిలు నేర్చి సంవత్సరమైనను కాలేదు. బాల్యమున అన్నగారికి సైకిలు కొనియిచ్చిన తండ్రిగారు, "ఆడపిల్ల కాలు విరుగగొట్టుకొన్నచో పెండ్లి యెట్లగును?" అని వారిని దానిని ముట్టనీయలేదట. "యంత్రము త్రొక్కినదానిని నేను త్రొక్కితినని చెప్పుకొందునా?" అని వదినగారు మామూలు సైకిలే పుచ్చుకొనిరి. మాకు లోలోపల దిగులే. సాయంకాలము 7 గంటలకు సైకిళ్లు ఒప్పజెప్పవలెను గదా!

మేము సల్వారులు ధరించి బయలుదేరితిమి. ఈ దేశమున ఇదియు ఒకనాడు సులభముకాదు. అనుమతి లేనిదే స్త్రీలు పురుషవేషము ధరింపరాదని 1800లో పారిసు పోలీసువారు ఆజ్ఞచేసిరి. స్త్రీ చేతిలో సైకిలు పిడి గాని గుఱ్ఱపు కళ్లెము గాని ఉన్నచో లాగు తొడుగవచ్చునని 1892, 1909 సంవత్సరములలో దానిని సడలించిరి. ఆ ఆజ్ఞ ఇక చెల్లదని ప్రభుత్వము స్పష్టపరచినది 2013లో!

పట్టణము దాటగనే మిట్ట వచ్చినది. సగము త్రోవలో వదినగారు దిగి, సైకిలును నెట్టుకొనుచు నడచిరి. మిట్టపైన అడవి యంచున ఏడంతస్తుల రాతి గోపురమొకటి కలదు. 18వ శతాబ్దమున షువాజెల్ ప్రభువు మంత్రిపదవి పోయి ఇచట నుండగా, తన్ను విడువక చూడవచ్చిన స్నేహితుల యెడ కృతజ్ఞతతో దీనిని కట్టించెను. ఆయన మేడను కూల్చివేసిరి. స్నేహితుల గోపురము నిలిచియున్నది.

అడవిలో వదినగారి సైకిలు గొలుసు ఊడినది. మాలో నెవ్వరికిని దానిని ఎక్కించుట చేతకాలేదు. అంతలో సైకిలుమీద పోవుచున్న యొక వృద్ధురాలు ఆగి, ఎండుపుల్లతో గొలుసు నెత్తి పండ్లచక్రముపై నిలిపి, పెడలును వెనుకకు త్రిప్పి సరిచేసెను. ఆమె సైకిలు వెనుక బుట్టలో కూరగాయలుండెను. ఆమె వయస్సు 74 అని తెలిసినప్పటినుండి వదినగారు అలసటమాట ఎత్తలేదు.

ఈ పల్లెలలో మధ్యాహ్నము రెండు గంటలపాటు చాల అంగళ్లు మూయుదురు. మేము ముందుగనే రొట్టెయు, ఈ సీమకు పేరుగన్న మేకపాల చీజునుకొనియుంటిమి. అది రోకలిముక్కవలె పొడవుగానుండి, బూడిద పూయబడి, నడుమ గడ్డిపోచ గుచ్చబడియుండును. శాకాహారిణులగు సోదరీమణులు ఒక్కమాట గమనింపవలెను: పాలు పేరుకొనుటకు ఇచట తరచుగా దూడకడుపునుండి తీసిన తోడు కలుపుదురు. అది తెలిసి మాలో ఇద్దరము ఆవకాయతో రొట్టె తింటిమి. బాగుగనే యున్నది.

ఇక షెనాన్సో. షేర్ నదికి అడ్డముగా, నీటిపై వంతెనవలె నిలిచిన ఈ కోటను స్త్రీల కోట యందురు. భర్త యుద్ధములలో దూరముననుండగా 1513 మొదలు కట్టడమును నడపినది కాథరీన్ బ్రిసొనే. రాజగు రెండవ హెన్రీ 1547లో దీనిని తన ప్రియురాలు డయాన్‌కు ఇచ్చెను. వంతెన ఆమె కట్టించినది. 1559లో రాజు మరణింపగనే రాణి కాథరీన్ డి మెడిచి ఆమెను వెడలించి, వేరొక కోటనిచ్చి దీనిని పుచ్చుకొని, ఆ వంతెనపైననే 60 మీటర్ల మండపము నెత్తించెను. సవతి కట్టిన పునాదిపై మేడకట్టుటయన ఇదియే!

మాకు మిక్కిలి నచ్చినది వంటయిల్లు. వంతెన కాళ్లలోనే దానిని అమర్చిరి. సరకులు పడవలపై వచ్చి తిన్నగా వంటయింటి రేవుకు చేరెడివి. గోడలనిండ రాగిపాత్రలు, తోముటకు ఎందరుండిరో యని వదినగారు లెక్కవేయసాగిరి.

మండపములో మొదటి మహాయుద్ధమున ఆసుపత్రి నడచినది. రెండువేలకు పైగా గాయపడినవారు చికిత్స పొందిరి. 1940లో ఫ్రాన్సు ఓడినపిమ్మట షేర్ నదియే సరిహద్దైనది. ముందరి తలుపు జర్మనుల వశమైన గట్టున. మండపము కొనదలుపు స్వేచ్ఛాభాగమున. ఎందరో ఈ గచ్చుమీదుగనే తప్పించుకొనిపోయిరి. ఆ తలుపు దాటి ఆవలిగట్టున నిలిచినప్పుడు మాకెవ్వరికిని మాట రాలేదు.

తిరుగు ప్రయాణమున ఎండ తగ్గలేదు. జూనులో ఇచట రాత్రి 9 దాటినను వెలుతురుండును. అంబ్వాజ్ మిట్ట ఇప్పుడు పల్లమైనది. వదినగారు మమ్మందరిని దాటి, గంట మ్రోగించుచు దిగిపోయిరి. 7కు పది నిముషములుండగా అంగడి చేరితిమి. ఆ రాత్రి వారు ఇంటికి ఫోను చేసి, వసారాలో మూలబడియున్న మేనల్లుని పాత సైకిలునకు చక్రములు బాగుచేయించి యుంచుమని చెప్పిరి. చేసినవారికి కూలి ఎంతయో కూడ నిర్ణయించిరి.