డెబ్బై మూడో ఏట డాన్యూబ్ తీరాన సైకిలు యాత్ర: ఒక వైద్యుని సన్నాహం



వచ్చే వేసవిలో నేను యూరప్‌లో డాన్యూబ్ నది వెంబడి ఒంటరిగా సైకిలు తొక్కుతూ, రాత్రులు గుడారంలో పడుకుంటూ కొన్ని వారాలు ప్రయాణం చేయదలచాను. నా వయస్సు డెబ్బై మూడు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. ఐదేళ్ల క్రితం ఒక హృద్ధమనిలో స్టెంటు వేశారు. ఈ మాటలే ఒక రోగి నా ఎదుట కూర్చొని చెప్పి ఉంటే నేనేమి సలహా ఇచ్చేవాడినో ఇన్నాళ్లుగా నా వ్యాసాలు చదువుతున్న మీరు ఊహించగలరు. నా విషయం వచ్చేసరికి ఆ సలహా నాకు చాలా ఆలస్యంగా గుర్తుకు వచ్చింది. ఎంత ఆలస్యంగా వచ్చిందో దాచకుండా చెప్పాలనే ఇది వ్రాస్తున్నాను.

కంగ్టి ఎక్కడున్నదో తెలియని వారికి ఒక మాట. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ దాటిన తరువాత, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం ఇది. మా సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ మాటలు కలిసి వినిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను ఈ చుట్టుపక్కల తండాలకు సైకిలు మీదనే వెళ్లేవాడిని. టీకాల పెట్టెను వెనుక క్యారియరుకు కట్టుకొని బయలుదేరేవాళ్లం. వానాకాలంలో నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో చిక్కుకొని చక్రం తిరిగేది కాదు. అప్పుడు మేము సైకిలును మోసేవాళ్లం. 

ఆ రోజులలోనే ఒక పాత పత్రికలో బొంబాయి పార్సీ యువకుల కథ చదివాను. 1923 అక్టోబరులో ఆరుగురు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు యాత్ర పూర్తి చేసుకొని 1928 మార్చిలో తిరిగి వచ్చారు. దాదాపు డెబ్బై వేల కిలోమీటర్లు! యూరప్‌ను కూడా వారు అలాగే దాటారు. నేనూ ఒకనాడు పోవాలనుకున్నాను. ఆ తరువాత పిల్లలు, బదిలీలు, కుటుంబ నియంత్రణ శిబిరాలు, పదవీ విరమణ. నాలుగేళ్ల క్రితం నా భార్య గతించింది. ఉదయం లేచి ఒక్కడికే టీ పెట్టుకునే ఇంట్లో మనిషికి పాత కోరికలు చాలా స్పష్టంగా గుర్తుకు వస్తాయి.

యూరోవెలో 6 అనే సైకిలు మార్గం ఉంది. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన మొదలై, పది దేశాల మీదుగా నల్లసముద్రం వరకు సుమారు 4,450 కిలోమీటర్లు సాగుతుంది. షెంగెన్ వీసా మీద 180 రోజులలో 90 రోజులు మాత్రమే ఉండవచ్చు. రాకపోకలకు ఐదు రోజులు తీసివేస్తే 85. భాగిస్తే రోజుకు 52 కిలోమీటర్లు. ఇంతేనా అనిపించింది. వారానికి ఒక్కరోజు విశ్రాంతి తీసుకుంటేనే అది 61 అవుతుందనీ, ఆ లెక్కలో ఒక జ్వరానికి గానీ ఒక వానకు గానీ చోటు లేదనీ అప్పుడు పట్టించుకోలేదు. కాగితం మీద భాగహారం బాగుంది, అంతే.

మా అమ్మాయి కుటుంబం పదకొండేళ్లుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉంటోంది. ఫోనులో ఈ సంగతి చెప్పగానే వద్దన్నది. నేను రాబర్ట్ మార్షాన్ ఉదాహరణ చెప్పాను. ఆయన ఫ్రెంచి దేశస్థుడు. 2017 జనవరిలో, 105 ఏళ్ల వయస్సులో, గంటలో 22.547 కిలోమీటర్లు సైకిలు తొక్కారు. ఆమె ఆయన గురించి అప్పటికప్పుడే చదివి, "నాన్నా, అది గోడల మధ్య వెలోడ్రోమ్. చుట్టూ మనుషులున్నారు. మీ గుడారం పక్కన ఎవరుంటారు?" అని అడిగింది. కోపం వచ్చింది. జవాబు రాలేదు.

డిసెంబరు మొదటి వారంలో అభ్యాసం కోసం నారాయణఖేడ్ వైపు వెళ్లి తిరిగి వస్తున్నాను. సమయం ఉదయం పదకొండు. చెమట పట్టింది. ఎండ అనుకున్నాను. కళ్ల ముందు రోడ్డు కొంచెం మసకబారింది. వయస్సు అనుకున్నాను. ఒక కల్వర్టు దగ్గర దిగి, సైకిలుకు స్టాండు వేయడం ఎలాగో కొన్ని క్షణాలు తెలియక నిలబడిపోయాను. నలభై ఏళ్లు వైద్యం చేసినవాడికి స్టాండు వేయడం తెలియలేదు! పక్కన కందిచేనులో ఉన్న ఒక పెద్దమ్మ, "డాక్టర్ సాబ్, ఏమైంది? కూసోండ్రి, కూసోండ్రి" అంటూ వచ్చి, చేతిసంచిలో ఉన్న బెల్లం ముక్క నోట్లో పెట్టింది. పది నిమిషాలకు తేరుకొని గ్లూకోమీటరుతో చూసుకుంటే 61. బెల్లం తిన్న తరువాత అది 61. అంతకు ముందు ఎంత ఉందో నాకు తెలియదు. సంచిలో గ్లూకోమీటరు ఉంది, పంక్చరు సామాను ఉంది, చక్కెర బిళ్ల ఒక్కటి కూడా లేదు.

ఇది ఎలా జరుగుతుందో వివరిస్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఇవే మాత్రలు వాడుతున్నారు. వ్యాయామం చేసేటప్పుడు కండరాలు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. నేను వాడుతున్న గ్లిమెపిరైడ్ రక్తంలో చక్కెర తక్కువగా ఉన్నా క్లోమం చేత ఇన్సులిన్ స్రవింపజేస్తూనే ఉంటుంది. రెండూ కలిస్తే చక్కెర పడిపోతుంది. మామూలుగా అప్పుడు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. అవే మనకు హెచ్చరికలు. కాని స్టెంటు తరువాత నాకిచ్చిన మెటోప్రోలాల్ ఆ దడనూ వణుకునూ కప్పివేస్తుంది. మిగిలేది చెమట ఒక్కటే. దానిని నేను ఎండ ఖాతాలో వేశాను. ఇంకొక సంగతి. సైకిలు దిగిన తరువాత కూడా కండరాలు ఖాళీ అయిన తమ గ్లైకోజెన్ నిల్వలను చాలా గంటల పాటు నింపుకుంటూ ఉంటాయి. అందుచేత పగలు కష్టపడినవారికి రాత్రి నిద్రలో చక్కెర పడిపోవచ్చు. గుడారంలో, ఒంటరిగా, భాష తెలియని చోట.

ఈ సంఘటనను చాలా రోజులు అమ్మాయికి చెప్పలేదు. నా వైద్యునికీ చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుందని భయం. రోగులు నా దగ్గర ఎన్ని సంగతులు దాచేవారో, అవి బయటపడినప్పుడు నేనెంత కటువుగా మాట్లాడేవాడినో అప్పుడు తలచుకున్నాను.

చివరికి హైదరాబాదులో నా వైద్యుని వద్దకు వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఆయన నాకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడు. మందలించలేదు. గ్లిమెపిరైడ్ ఆపి, ఒంటరిగా వాడినప్పుడు చక్కెరను అంతగా పడగొట్టని వేరొక మందు వ్రాశారు, మెట్‌ఫార్మిన్ కొనసాగించమన్నారు. ఎకో, టీఎంటీ పరీక్షలు చేయించమన్నారు. (ఇది చదివి ఎవరూ తమ మాత్రలను తామే మార్చుకోవద్దు. మీ మూత్రపిండాలు వేరు, మీ గుండె వేరు.) ఇప్పుడు నా చొక్కా జేబులో గ్లూకోజు బిళ్లలు ఉంటాయి. చక్కెర 70 కంటే తగ్గితే 15 గ్రాములు తీసుకోవాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, అవసరమైతే మళ్లీ తీసుకోవాలి. సంచిలో కాదు, జేబులో. సంచి తెరవడం కూడా తెలియని క్షణం ఒకటి ఉంటుందని నాకిప్పుడు తెలుసు.

అప్పుడు పటం మళ్లీ తెరిచాను. నల్లసముద్రం పోయింది, అట్లాంటిక్ పోయింది. మిగిలింది డోనావ్‌ఎషింగెన్ నుండి ఉల్మ్, పస్సావ్ మీదుగా వియన్నా వరకు సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు, ఆరు వారాలు. రోజుకు నలభైకి మించకూడదు, ప్రతి నాలుగో రోజు విశ్రాంతి. నది ప్రవహించే దిక్కుకే వెళతాము కాబట్టి పెద్ద ఎత్తులు తక్కువ, గాలి కూడా ఎక్కువగా పడమటి నుండే వీస్తుంది. నా మంజీరా వంటి నదిని చూసినవాడికి డాన్యూబ్ దగ్గర ఒక వింత కనబడుతుంది. దాని మైలురాళ్లు సముద్రం దగ్గర సున్నాతో మొదలై ఎగువకు లెక్కింపబడతాయి. దిగువకు వెళ్లేవాడికి అంకెలు తగ్గుతూ వస్తాయి. నా వంటివాడికి అది తగిన లెక్కే.

బ్యాటరీ సాయంతో నడిచే సైకిలు తీసుకోమని అల్లుడు అన్నప్పుడు అవమానంగా తోచింది. వారం రోజులు ఆ మాట ఎత్తనివ్వలేదు. తరువాత ఆలోచించాను. అక్కడి చట్టం ప్రకారం ఆ మోటారు 250 వాట్లకు మించదు, గంటకు 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోతుంది, తొక్కకపోతే అసలే నడవదు. పదిహేను కిలోల సామానుతో ఎత్తు ఎక్కేటప్పుడు గుండె మీద పడే అదనపు భారాన్ని అది తీసుకుంటుంది. మెటోప్రోలాల్ వాడేవారికి నాడి లెక్క సరిగా పనికిరాదు కనుక నాకు ఒకటే కొలత: తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగితే దిగాలి. ఆ బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో అనుమతించరు కాబట్టి సైకిలును అక్కడే అద్దెకు తీసుకుంటాను.

ఇక రాత్రి సంగతి. యౌవనంలో గుడారం అంటే ఆకాశం, నక్షత్రాలు. ఈ వయస్సులో గుడారం అంటే ప్రోస్టేటు. రాత్రికి రెండుసార్లు లేవాలి. దానికోసం వాడే టామ్సులోసిన్ లేచి నిలబడగానే రక్తపోటును తగ్గించగలదు. చీకటి, నేల మట్టం నుండి లేవడం, బయట బిగించిన తాళ్లు. వృద్ధులు పడి తుంటి విరగడానికి ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు మరొకటి ఉండదు. జనవరిలో మా పెరట్లో గుడారం వేసి నాలుగు రాత్రులు పడుకున్నాను. రెండో రాత్రి తాడు తగిలి మోకాలిపై పడ్డాను. మా పక్కింటి పిల్లలకు అది ఇప్పటికీ వేడుక. ఇప్పుడు తలకు కట్టుకునే దీపం, లోపలే వెడల్పు మూతి సీసా, లేచే ముందు రెండు నిమిషాలు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ప్రతి ఉదయం ఆసరా లేకుండా నేల మీద నుండి పదిసార్లు లేస్తున్నాను. మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి, పక్కన ఎవరినైనా ఉంచుకొని. కుర్చీలకు అలవాటుపడిన మన తరంలో ఎంతమంది లేవగలరో!

యూరప్ అంటే చలిదేశం, ఎండదెబ్బ ఉండదు అని మిత్రులు అన్నారు. 2003 వేసవిలో ఆ ఖండంలో వడగాలులకు డెబ్బై వేలకు పైగా అదనపు మరణాలు సంభవించాయి. వారిలో అధికులు వృద్ధులే. వయస్సు పెరిగేకొద్దీ దాహం వేయడమే తగ్గుతుంది. దాహమైనప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. కంగ్టిలో మధ్యాహ్నం మనం ఇల్లు కదలము. అక్కడ కూడా పన్నెండు నుండి నాలుగు వరకు చెట్టు కిందనే. జూన్‌లో తొమ్మిది వరకు వెలుతురు ఉంటుంది, తొందరేమీ లేదు.

పిడుదుల గురించి మాత్రం మనవారికి తెలియదు. మా వైపు పశువులకు పట్టే గోమార్ల వంటివే అక్కడి గడ్డిలో మనుషులకు పట్టి లైమ్ వ్యాధిని, మెదడువాపును కలిగిస్తాయి. మెదడువాపుకు టీకా ఉంది. దాని మోతాదుల మధ్య నెలల వ్యవధి కావాలి. లైమ్‌కు నివారణ ప్రతి సాయంత్రం ఒళ్లంతా వెదకి, పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగివేయడమే. వీపు ఎవరు చూస్తారు? ఒంటరివాడికి అద్దం ఒకటి కావాలి. నేను పెట్టుకున్నాను. పాదాలకు కూడా అదే అద్దం. స్పర్శ తగ్గిన మధుమేహ రోగి పాదంలో బొబ్బ మూడు రోజులకు పుండు అవుతుంది.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అయితే ముందే ఉన్న జబ్బులను చాలా పాలసీలు మినహాయిస్తాయి. నా గుండెకూ చక్కెరకూ వర్తించేది వెదకడానికి నెల పట్టింది. సంతకం చేసే ముందు చిన్న అక్షరాలు చదవండి. మందులు అసలు ప్యాకింగులో, జెనెరిక్ పేర్లతో చీటీ రాయించుకొని, చేతిసంచిలోనే. పాలతో, నేతితో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు అక్కడికి తీసుకుపోరాదు. అమ్మాయికి పాలకోవా కుదరదు, పల్లీలు తీసుకుపోతున్నాను.

జనవరి నెలాఖరుకు డిసెంబరు సంగతి అమ్మాయికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత షరతులు పంపింది. మొదటి మూడు రోజులు అల్లుడు నాతో తొక్కుతాడు. ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి ఎక్కడున్నానో, చక్కెర ఎంతో పంపాలి. తొమ్మిదికల్లా రాకపోతే ఆమె శిబిరానికి, ఆ తరువాత 112కు ఫోను చేస్తుంది. ఆమె రమ్మంటే వాదించకుండా రైలు ఎక్కాలి. అన్నింటికీ ఒప్పుకున్నాను. చివర ఒక ప్రశ్న కూడా పెట్టింది: "మీ పేషెంట్ ఎవరైనా ఇలా అడిగితే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెడతారా?"

ఉద్యోగంలో వేలకొద్దీ అటువంటి కాగితాల మీద సంతకం చేశాను. కొన్నింటిని సరిగా చదవను కూడా లేదు. అమ్మాయికి వ్రాశాను: డిసెంబరులో అయితే పెట్టను. ఇప్పుడైతే, టీఎంటీ చూసిన తరువాత చెబుతాను. ఆ పరీక్ష వచ్చే గురువారం. విమానం టికెట్టు ఇంకా కొనలేదు.