సందులో అమ్మమ్మ ఫోటో

కోడూరులో మా అమ్మమ్మ వాళ్ల సందును ఫోటో తీయడం ఏ కెమెరామన్‌కైనా పరీక్షే సుమండీ! పొద్దున పదింటికల్లా ఒక పక్క గోడ ఎండకు ధగధగలాడుతుంటే, ఎదుటి అరుగు మసక చీకటి. అమ్మమ్మ కూర్చునేది ఆ అరుగు మీదే. కెమెరా ఎండగోడను చూసి వెలుగు తగ్గించేస్తుంది. అమ్మమ్మ మొహం నల్లటి మచ్చయిపోతుంది.

మరి 1957లో 'మాయాబజార్'కి మార్కస్ బార్‌ట్లే అంత చల్లని వెన్నెల ఎలా తెచ్చాడంటారు? వెలుగెక్కడ పడాలో, నీడెక్కడ ఉండాలో తనే నిర్ణయించుకున్నాడు గనక!

మన దగ్గర స్టూడియో లైట్లు లేకపోతేనేం, ఉతికిన తెల్లపంచె ఉంది. ఎండ తగిలేలా దాన్ని పట్టుకుంటే వెలుగు మొహం మీదికి మళ్లుతుంది. అవుట్‌డోర్ షూటింగుల్లో రిఫ్లెక్టరు చేసే పనే అది. సెల్‌ఫోన్ తెర మీద ఆ మొహాన్ని వేలితో తాకితే, కెమెరా దానికి తగ్గ వెలుగు తీసుకుంటుంది. ఓపికుంటే సాయంత్రందాకా ఆగండి. పొద్దువాలితే రెండు పక్కలా ఒకే వెలుగు.

ఒక్క ఫోటోకి ఇంత తాపత్రయమా అంటారేమో! 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మా తాతయ్యను, వాళ్ల పెళ్లి ఫోటోను కూడా తీసుకుపోయింది. తండ్రి రూపు మా అమ్మకే సరిగ్గా గుర్తులేదు. అందుకే వెనక గోడ తెల్లగా వెలిసిపోయినా ఫరవాలేదు, అమ్మమ్మ మొహంలో ప్రతి ముడతా కనబడాలి.