కొలిచిన తరువాతనే తీర్పు

విద్యుత్తు కంటికి కనిపించదు. కనిపించని దానిని గురించి ఊహలు పుట్టడం సహజం. ఆ ఊహలకు అడ్డుకట్ట వేసే సాధనం మల్టీమీటరు.

శామీర్‌పేటలో చదువుకొనే మాకు కంప్యూటరు చెడిపోతే సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే దిక్కు. అది 20 కిలోమీటర్లకు పైబడిన దూరం. ప్రాక్టికల్ పరీక్షలు సమీపించిన వేళ మా ప్రయోగశాలలో ఒక కంప్యూటరు వెలిగిన మరుక్షణమే ఆరిపోసాగింది. చూడవచ్చిన మెకానిక్ ఒకరు, కొలత ఏదీ తీయకుండానే, మదర్‌బోర్డు పోయిందన్నారు. కొత్తది కొనే స్తోమత మా ప్రయోగశాలకు లేదు. అధ్యాపకుల అనుమతితో మేమే పరీక్షింప పూనుకున్నాము.

మేమందరం చాచా అని పిలుచుకొనే ప్రయోగశాల సహాయకులు మొదట ఒక్క మాట చెప్పారు: "బేటా, ఏక్ హాథ్ జేబ్ మే." ఒక చేయి జేబులో ఉంటే విద్యుత్తు ఒక చేతి నుండి మరొక చేతికి గుండె మీదుగా ప్రవహించే ప్రమాదం తగ్గుతుంది. పవర్ సప్లయి పెట్టెను మాత్రం విప్పనే కూడదన్నారు. మన ఇళ్ల 230 వోల్టులు దాని లోపల 325 వోల్టుల వరకు చేరతాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆ శక్తి కొంతసేపు నిలిచి ఉంటుంది.

మీటరును డి.సి. 20 వోల్టుల స్థానంలో ఉంచాము. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలోనే ఉన్నదని చూసుకున్నాము. అది 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంటే షార్టు సర్క్యూటే. ముందుగా కొత్త సెల్లును కొలిచి మీటరు నిజం చెప్పుచున్నదని నిర్ధారించుకున్నాము. ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుండి విడదీసి, ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, ఆపై కరెంటు ఇచ్చాము. నల్ల తీగ ఆధారంగా పసుపు 12.1, ఎరుపు 5.05, నారింజ 3.32 వోల్టులు చూపాయి. అనుమతింపబడిన వ్యత్యాసం 5 శాతమే గనుక, 12 వోల్టుల తీగ 11.4కు తగ్గరాదు, 12.6ను మించరాదు. అన్నీ సక్రమమే! అయితే దోషం బోర్డుదేనా?

చాచా తల అడ్డంగా ఊపారు. బరువు లేని ఎద్దు బాగానే నడుస్తుంది. బండి కట్టి చూడాలన్నారు. ప్లగ్గు తీసి కనెక్టరును తిరిగి బోర్డుకు తగిలించి, దాని వెనుకవైపు నుండి మీటరు మొనను, రెండు పిన్నులను తాకకుండా, జాగ్రత్తగా ఆనించాము. కంప్యూటరు మేల్కొనగానే పసుపు తీగ 10.7కు జారి, యంత్రం ఆరిపోయింది. పక్క యంత్రపు మంచి సప్లయిని తగిలించగా అదే బోర్డు హాయిగా పనిచేసింది. నిర్దోషి బయటపడింది.

1967లోనే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడిన నగరం మనది. ఇక్కడి విద్యార్థి మీటరు పట్టడానికి జంకరాదు. ప్రతి ప్రయోగశాలకు కొన్ని వందల రూపాయల మల్టీమీటరు ఒకటి, దాని పక్కనే తీగల రంగులను, జాగ్రత్తలను ఉర్దూ తెలుగు భాషలలో తెలిపే పట్టిక ఒకటి ఏర్పాటు చేయవలసిందిగా కమిటీ పెద్దలకు మా విన్నపం. పట్టిక వ్రాసే పని మాది.