వలందుల వంశవృక్షం

మన పెద్దలు తెల్లవారినందరినీ ఒక్క గాటను కట్టలేదు. బుడతకీచులు వేరు, పరాసులు వేరు, ఇంగిలీషువారు వేరు. హాలండు దేశస్థులను వలందులన్నారు. బందరులో వలందపాలెమని ఈనాటికీ ఒక పేట ఉన్నది. మా అల్లుడు వలందు. మా అమ్మాయి ఉద్యోగానికని ఆ దేశం వెళ్ళి అక్కడే అతన్ని పెళ్ళాడింది. దానిమీద మా ఇంట్లో జరగవలసిన చర్చ అంతా ఏనాడో జరిగిపోయింది కనుక ఆ ఊసు ఇక్కడ అనవసరం. చెప్పదలచినది మా మనమరాలి వంశవృక్షం సంగతి.

బడిలో పంతులమ్మ పిల్లలందరినీ గీసుకు రమ్మన్నది. కాగితం మీద చెట్టు. ఒక పక్క కొమ్మలు తండ్రివి, రెండో పక్క తల్లివి. తండ్రివైపు ఎనిమిది తరాలు, ఆడా మగా పేర్లతో సహా నిండిపోయినవి. మావైపు నాలుగో తరానికే కొమ్మలు మోడుబారినవి. మగవారి పేర్లు కొన్ని తద్దినాల పుణ్యమా అని మిగిలినవి. “తాతయ్యా, మీ తాతయ్యవాళ్ళ అమ్మ పేరేమిటి?” అని పిల్ల అడిగితే నేను ఇంటిపేరు చెప్పాను, గోత్రం చెప్పాను. పేరు చెప్పలేకపోయాను.

అప్పుడు నేను రెండు నెలలపాటు వారింట ఉన్నాను. వారికి ఇదంతా ఎలా తెలిసిందో చూద్దామని అల్లుడి పక్కన కూర్చున్నాను. “మా వాళ్ళేమీ గొప్పవాళ్ళు కారు మామయ్యగారూ, అందరూ కూలీ నాలీ చేసుకున్నవాళ్ళే” అన్నాడతడు. అదీ విశేషం. మన దేశంలో రాజులకూ జమీందార్లకూ వంశావళులుంటాయి. అక్కడ కూలివాడికీ ఉన్నది.

ఆ దేశాన్ని నెపోలియను 1810 లో ఫ్రాన్సులో కలుపుకున్నాడు. 1811 నుంచి దేశమంతటా జనన మరణ వివాహాలు సర్కారు రిజిష్టరులో ఎక్కవలసిందే అన్నాడు. ఇంటిపేరు లేనివారు ఒకటి పెట్టుకోవలసిందే అన్నాడు. అంతకుముందు పల్లెల్లో చాలామందికి తండ్రి పేరే ఇంటిపేరు. యాన్ కొడుకు పీటరయితే పీటర్ యాన్సోన్. ఆ పీటరు కొడుకు మళ్ళీ పీటర్‌సోన్. తరానికొక పేరు! కన్నడదేశంలోనూ అరవదేశంలోనూ స్థిరపడి, ఇంటిపేరు వదిలి తండ్రి పేరు మొదటి అక్షరం తగిలించుకున్న మన కుటుంబాలవారికి ఈ చిక్కు నేను వివరించనక్కరలేదు.

నెపోలియనును వెక్కిరించడానికి కొందరు ‘దిగంబరంగా పుట్టినవాడు’ అని ఇంటిపేరు పెట్టుకున్నారని అక్కడ ఒక కథ చెపుతారు. కథ బాగానే ఉంది కాని, నాక్ట్‌గెబోరెన్ అనే ఆ పేరు 1811 కు ముందునుంచే ఉన్నదట. తండ్రి పోయిన తరువాత పుట్టినవాడని దాని అసలు అర్థం అయి ఉంటుందని తెలిసినవారంటారు.

నాకు అన్నిటికన్న నచ్చినవి పెళ్ళి కాగితాలు. ఆ రోజుల్లో పెళ్ళాడాలంటే వధూవరులిద్దరూ తమ జనన పత్రాల నకళ్ళు తేవాలి. తల్లిదండ్రులు పోయి ఉంటే వారి మరణ పత్రాలు తేవాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ లేకపోతే తాతల, అవ్వల మరణ పత్రాలు కూడా తేవాలి. వరుడు సైన్యపు చీటీలో తన వంతు తీరిందని కాగితం చూపాలి. అందులో అతని పొడుగెంత, ముక్కు ఎలాంటిది, జుట్టే రంగు, అన్నీ రాసి ఉండేవి. ఈ కాగితాల బొత్తి ఊరూరా దాచారు. ఫొటోలు లేని కాలపు కూలివాడి ముక్కు ఎలా ఉండేదో అతని మునిమనుమడి మనుమడికి తెలుస్తున్నదంటే, సర్కారు గుమాస్తా చాదస్తానికి దండం పెట్టాలి.

ఇంకొకటి. ఆ దేశపు కాగితాల్లో ఆడమనిషి పుట్టింటి పేరు మారదు. పుట్టినా పెళ్ళాడినా పోయినా ఆ పేరే రాస్తారు. అందువల్ల తల్లి పట్టున పైకి వెళ్ళడం తండ్రి పట్టున వెళ్ళడమంత సులభం. పేర్లు పెట్టడంలో మాత్రం వారూ మనలాంటివారే. మొదటి కొడుకుకు తండ్రి తండ్రి పేరు, మొదటి కూతురుకు తల్లి తల్లి పేరు పెట్టడం అక్కడా చాలాచోట్ల ఆచారం. బిడ్డ పోతే తరువాత పుట్టిన బిడ్డకు మళ్ళీ అదే పేరు పెట్టేవారు. ఒకే ఇంట మూడుసార్లు రాసిన ఒక పేరు చూసి, ముగ్గురు పిల్లలనుకోవాలో ఒక్కరనుకోవాలో తెలియక మేము ఒక సాయంకాలమంతా తంటాలు పడ్డాము.

1811 కు పైన చర్చి పుస్తకాలే దిక్కు. అల్లుడి పూర్వులు పడమటి కొసనున్న జీలండ్ ద్వీపాలవారు. ఆ సీమ పుస్తకాలెన్నో మిడిల్‌బర్గ్ పట్నంలో ఉండేవి. 1940 మే 17 న యుద్ధంలో ఆ పట్నం తగలబడినప్పుడు అవీ బూడిదయినవి. అయితే వీరి పూర్వుడొకడు 1820ల ప్రాంతంలో దక్షిణ హాలండుకు వలసపోయి అక్కడ పెళ్ళాడాడు. అనాథ కనుక తాతగారి దాకా కాగితాలు పట్టుకుపోయాడు. కాలిపోయిన పుస్తకంలోని నాలుగు పంక్తులు అతని పెళ్ళి బొత్తిలో నకలుగా బతికాయి. వలస పోయినవాడు దాచినదే మిగిలింది.

ఆ తాతగారి తండ్రి దొరికినది చర్చిలో కాదు, డచ్చి తూర్పిండియా కంపెనీ జీతాల ఆవర్జాలో. 1602 నుంచి 1795 దాకా ఆ కంపెనీ ఓడలెక్కి తూర్పుకు వచ్చినవారు దాదాపు పది లక్షలు. తిరిగి ఇల్లు చేరినవారు మూడింట ఒక వంతు. పద్దెనిమిదో శతాబ్దపు ఓడల జీతాల ఆవర్జాలు హేగు నగరంలోని జాతీయ రికార్డు ఆఫీసులో ఉన్నవి. ఇప్పుడు కంప్యూటరులో పేరు కొట్టి వెదకవచ్చు. మనిషికొక పుట. ఒక పక్క ఖర్చు, ఒక పక్క జమ. పేరు, ఊరు, ఓడ, హోదా. సిపాయికి నెలకు 9 గిల్డర్ల జీతం. ఓడెక్కేముందు అతనికి తిండీ వసతీ పెట్టినవాడికి రాసి ఇచ్చిన 150 గిల్డర్ల అప్పుపత్రం మొదటి పద్దు. ఆ పత్రాలను కొని అమ్మేవారిని జనం ‘ఆత్మలమ్మేవాళ్ళు’ అనేవారు. ఇంటివారికి ఏటా మూడు నెలల జీతం అందేలా రాసిచ్చే ఏర్పాటూ ఉండేది. ఇతడు భార్య పేర రాశాడు. ఏడాదికి 27 గిల్డర్లు.

పేరూ ఊరూ కలిసినంత మాత్రాన మనవాడే అనుకోరాదు. ఇటువంటి వెదుకులాటలో కొంపలు ముంచేది ఆ తొందరే. కాని పుట చివర, బాకీ సొమ్ము పుచ్చుకున్నచోట, భార్య పేరూ కొడుకు పేరూ ఉన్నవి. ఆ కొడుకే మన పెళ్ళి బొత్తిలోని తాతగారు. చచ్చిపోయిన చోటు: కోరమాండల్ తీరం. అంటే మన తూర్పు తీరమే! ఆ మాట చదివి అల్లుడూ నేనూ కొంతసేపు మాట్లాడుకోలేదు.

బందరులోనూ, పులికాటులోనూ — మనవారి ప్రళయకావేరి — వలందుల సమాధులున్నవి. చెక్కిన రాళ్ళు, కులచిహ్నాలు. అవి దొరలవి. సిపాయిలకు రాయి ఎవరు వేస్తారు? అతనికి ఆ పుటే సమాధి.

మా పూర్వులు గోదావరి సీమనుంచి వచ్చిన నేతగాళ్ళు. పాలకొల్లులోనూ ద్రాక్షారామంలోనూ కంపెనీవారికి కొట్లుండేవి; వారు ఇక్కడికి వచ్చినదే బట్టకోసం. పులికాటులో వారితో బేరాలాడిన అచ్యుతప్ప సెట్టి పేరు కాగితాల్లో నిక్షేపంగా ఉన్నది. ఆయన 1634 లో పోయాడని కూడా తెలుసు. నేసినవాడు మాత్రం బేళ్ళ లెక్కలోనే ఉన్నాడు. అంతకన్న ఘోరం, కరువు కాలాల్లో వేలమందిని ఈ తీరాననే కొని బటేవియాకు ఎక్కించారు. దక్షిణాఫ్రికా కేపు పట్నానికి పోయినవారి పేర్ల వెనుక ‘కోరమాండల్‌వాడు’, ‘తీరంవాడు’ అని రాశారు. ఇంటిపేరు తీసివేసి తీరాన్ని ఇంటిపేరు చేశారు. అక్కడ తమ వంశాలు వెదుక్కునే కుటుంబాలకు ఆ ఒక్క మాట దగ్గర దారి ఆగిపోతుంది. సిపాయి పుట చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న అల్లుడు ఇది విని, “ఇదీ ఆ కంపెనీ గుమాస్తా చేతిరాతే కదా” అన్నాడు.

ఇంటికి వచ్చాక నేను మా పెట్టెలు దింపించాను. పెళ్ళి శుభలేఖలు, కట్నకానుకల చిట్టాలు, రెండు జాతకాలు. మేనత్త కొడుకు దగ్గర ఒక ఇంటి స్థలం అమ్మకపు దస్తావేజు దొరికింది. అందులో మా తాతగారి తల్లి పేరు, వేలిముద్ర ఉన్నవి; పక్కనే ఆమె పుట్టింటి ఊరు కూడా రాసి ఉంది. మనమరాలికి అది ఫొటో తీసి పంపాను. చెట్టు బడిలో ఎప్పుడో ఇచ్చేసింది. అయినా ఆ కొమ్మ దగ్గర పేరు రాసి, ఆవిడ తల్లి పేరేమిటని మళ్ళీ అడిగింది. ఆ ఊళ్ళో మనవారెవరైనా ఉన్నారేమోనని ఉత్తరం రాశాను.