నారదుణ్ణి పైకి లాగిన తాడు

పోయిన నెల డిగ్రీ పిల్లలకు ఆధునిక నాటకం పాఠం చెప్తున్నాను. నాకూ వాళ్ళకూ అలవాటైన వరుసే. ధార్వాడ నాటక సమాజం, కందుకూరి వీరేశలింగం, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పెట్టిన సరస వినోదిని సభ, 1887లో ఆయన ఆడించిన చిత్రనళీయం, అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ, తర్వాత తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ. ఈ చివరి ముగ్గురూ ప్లీడర్లే. ఆ మాట కూడా చెప్పాను, పిల్లలు నవ్వారు.

వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. కడప జిల్లా చక్రాయపేట వైపు నుంచి కర్నూలుకొచ్చి చదువుకుంటోంది. "మేడమ్, సురభి మా పక్కూరే. దాన్ని ఎందుకు చెప్పలేదు?"

పాఠ్యపుస్తకంలో సురభికి ఒక పేరా ఉంది. అది చదివి వినిపించాను. గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయారు. నేను మాత్రం స్టాఫ్ రూములో కూర్చుని ఆ పేరానే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ పేరాకు మా ఇంట్లో ఇంకో పాఠం ఉంది. పీహెచ్‌డీ చేసినన్నాళ్ళూ నేను దాన్ని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. సొరుగు అన్న పేరే సురభి అయిందంటారు. ధాత కరువు వచ్చి మా నాలుగు జిల్లాల ఎముకలు తేల్చి వెళ్ళిన ఏడెనిమిదేళ్ళకు, 1885లో, వనారస కుటుంబం వాళ్ళు అక్కడ కీచకవధ ఆడారు. చిత్రనళీయం కంటే రెండేళ్ళు ముందు. అప్పటిదాకా వాళ్ళది తోలుబొమ్మలాట. ఇంట్లో మరాఠీ, ఆటలో తెలుగు. తెర వెనక బొమ్మను పట్టుకుని గొంతు మార్చి మాట్లాడిన మనుషులు తెర ముందుకొచ్చి తామే వేషం కట్టారు. వనారస గోవిందరావు దాన్ని కంపెనీగా నిలబెట్టాడు. కుటుంబం పెరిగే కొద్దీ కంపెనీలు పెరిగాయి. ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. బళ్ళారి సభల్లో మీసాలు గీయించుకున్న మగవాళ్ళు దమయంతులవుతున్న కాలమది. సురభి కమలాబాయి నాటకం జరుగుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్తారు. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి ఆమే.

డేరా నాటకం అనగానే గంభీరంగా పద్యాలు పాడే సభ అనుకోకండి. రాత్రంతా సాగే వినోదం అది. పాట, హాస్యం, గారడీ అన్నీ ఒకే టికెట్ మీద. మంటలు లేస్తాయి, వాన కురుస్తుంది, బాణాలు గాల్లో ఢీకొంటాయి, లడ్లు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. కరెంటు మొహం చూడని ఊళ్ళల్లో ఇదంతా. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. డేరా అంటే మా వైపు ఏ కంపెనీ వచ్చినా "సురభోళ్ళు వచ్చినారు" అనే అనేవాళ్ళు. అందుకే నేను చెప్పబోయే కంపెనీకి ఏ పేరూ పెట్టడం లేదు.

మా జేజి వాళ్ళ మామ, అంటే మా అబ్బకు నాయన, పలక కొట్టేవాడు. తప్పెటని మా పల్లెల్లో పలక అంటారు. మాదిగ ఇంట్లో పుట్టినోడికి అది పని, కళ అని ఎవరూ అనలేదు. ఊళ్ళో చావుకు, జాతరకు, సర్కారు దండోరాకు ఆయనే. డేరా వచ్చినప్పుడు నాటకానికీ ఆయనే. సాయంత్రం పూట చుట్టుపక్కల ఆరేడు పల్లెలు తిరిగి, పలక కాచుకుని, ఈ రాత్రికి ఏ నాటకమో, టికెట్ ఎంతో చాటింపు వేసి వచ్చేవాడు. జనం ఆయన వెనకాలే బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

కంపెనీవాళ్ళు ఆయనకు కూలి ఇచ్చేవాళ్ళు. లోపలికి పాసు కూడా ఇచ్చేవాళ్ళట. కానీ డేరా వేసిన చేను కంపెనీది కాదు, ఊరి పెద్దది. డేరా లోపల మనుషులు తగులుతూ కూర్చోవాలి కదా. "నువ్వు బయటనుంచే సూడు పో" అన్నారు పెద్దమనుషులు. వాళ్ళ మాట కాదని కంపెనీ ఆ ఊళ్ళో పది రోజులు బతకలేదు.

ఆయన ఇంటికి పోలేదు. డేరా చుట్టూ తిరిగి స్టేజీ పక్కకు చేరాడు. అక్కడ గుడ్డ కొంచెం లేచి ఉండేది. ఆ సందులోంచి చూస్తే రాజుల మొహాలు కనపడవు, వీపులు కనపడతాయి. కృష్ణుడు లోపలికొచ్చి కిరీటం తీసి తల గోక్కుంటాడు. ద్రౌపది ఏడ్చే బిడ్డకు పాలిచ్చి మళ్ళీ సభలోకి పోతుంది. మంట ఎక్కడ ముట్టిస్తారో, వాన ఏ రేకు డబ్బాలోంచి వస్తుందో అన్నీ కనపడతాయి. కుర్చీలో కూర్చున్న రెడ్డికి నారదుడు మబ్బుల్లోంచి దిగాడు. మా ముత్తాతకు మాత్రం ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ తాడు వదులుతుంటే దిగాడు. మా ఇంట్లో పిల్లలందరికీ నాటకాలు ఆ పక్కనుంచే చెప్పారు. నేను తొమ్మిదో తరగతిలో మాయాబజార్ కథ పుస్తకంలో చదివినప్పుడు, ఇందులో తాడు లాగేవాళ్ళ మాట లేదేమిటని నిజంగానే అనుకున్నాను.

ఒకరాత్రి తాడు లాగేవాళ్ళలో ఒకాయనకు జ్వరమొచ్చింది. మనిషి చాల్లేదు. గుడ్డ సందులోంచి చూస్తున్న మా ముత్తాతను లోపలి మనిషి చేత్తో పిలిచాడు. తాడు పట్టుకోమన్నాడు. ఆయన పట్టాడు. డేరా లోపల కూర్చోకూడదన్న మనిషి నారదుణ్ణి ఆకాశానికి లేపాడు. ముందర కూర్చున్నవాళ్ళంతా దండం పెట్టారట.

దాని తర్వాతి సంగతి మా జేజి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. "నాటకమయినాక నారదుడు ఈయప్ప దగ్గరికి వచ్చి, అన్నా బీడీ ఉందా అనెనంట. ఈయప్ప తాగుతాండేది తీసి సూపిచ్చె. ఆ బీడీకే నిప్పంటిచ్చుకునెనంటమ్మే. నారదుడు." ఆమె దృష్టిలో ఎగరడం పెద్ద విషయం కాదు. మా వాళ్ళ దగ్గర నిప్పు తీసుకోవడం, అన్నా అనడం, ఆ రెండే పెద్ద విషయాలు.

ఇది నిజంగా ఇట్లాగే జరిగిందా అని పరిశోధకురాలిగా నన్ను నేను అడుక్కున్నాను. బీడీ దగ్గర కాస్త కల్పన కలిసి ఉండొచ్చు. గుడ్డ సందు మాత్రం కల్పన కాదు. మా జేజికి కూడా ఆ సందు తెలుసు. ఆమె కొత్త కోడలుగా వచ్చాక డేరాకు పోతే, అప్పటికి లోపలికి రానిచ్చేవాళ్ళే గానీ, నేల టికెట్లో ఒక వారకు తాడు కట్టి ఉండేదట. తాడుకు అవతల మాలమాదిగలు. టికెట్ డబ్బులు మాత్రం తాడుకు ఇటూ అటూ ఒకటే.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజును మనం చెరువులూ బావుల కోసమే చదువుతాం. అందులో అంగళ్ళు, హోటళ్ళతో పాటు ప్రజా వినోద స్థలాలు అన్న మాట కూడా ఉంది. 1955 అంటరానితనం నేరాల చట్టం ఆ మాటను విడమరిచింది: జనాన్ని రానిచ్చి వినోదం చూపించే ఏ చోటైనా సరే. ఆట, ప్రదర్శన, పందెం, ఏదైనా సరే. చేనులో వేసిన డేరా కూడా అందులోకి వస్తుంది. ఇంత వివరంగా ఎందుకు రాయాల్సి వచ్చిందో మా జేజిని అడిగితే ఒక్క మాటలో చెప్పేది.

అమెరికాలో ఇలాంటి ఒకే టికెట్ వినోదాన్ని వాడెవిల్ అనేవాళ్ళు. అక్కడ చాలా హాళ్ళల్లో నల్లవాళ్ళకు అన్నిటికంటే పైనున్న గ్యాలరీ, అది కూడా వేరే మెట్ల దారిలో. దక్షిణాన ఊరూరా తిరిగే డేరాల్లోనూ తెల్లవాళ్ళది ఒక పక్క, నల్లవాళ్ళది ఇంకో పక్క. ఆ డేరాల్లోనే బెస్సీ స్మిత్ లాంటి గాయని పెరిగింది. 1927 జూలైలో నార్త్ కరోలినాలో ఆమె డేరా గుంజలు పీకడానికి క్లాన్ ముసుగులవాళ్ళు వస్తే, ఆమె పాట ఆపి బయటికొచ్చి వాళ్ళను తిట్టి తరిమి, మళ్ళీ లోపలికి పోయి పాడింది. అదే సంవత్సరం మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. క్లాసులో ఈ రెండూ పక్కపక్కన చెప్తే పిల్లలు నోట్సు రాయడం ఆపి తలెత్తుతారు.

తోలు విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. సురభివాళ్ళ పూర్వీకుల బొమ్మలు తోలువి. మేకతోలు, జింకతోలు గీకి, ఎండబెట్టి, చిల్లులు పొడిచి, రంగులద్దితే రాముడవుతాడు. ఆ రాముడు గుడి ముందర ఆడితే ఊరంతా చూస్తుంది. అదే ఊళ్ళో తోలును చెప్పుగా కుట్టినవాడు గుడి నీడలోకి రాకూడదు. తోలును పలకకు బిగించినవాడు చాటింపు వేసి బయట నిలబడాలి. తోలుకు మైల లేదన్నమాట, మనిషికే ఉంది. మా పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన "దళితులకు నాటకరంగ చరిత్ర అంటూ ఏముందమ్మా" అని అడిగాడు. ఆ రోజు నేను చిందు భాగవతం పేరు చెప్పి ఊరుకున్నాను. పలక గురించి నోరు రాలేదు. మా ఇంటి సంగతి ఆ గదిలో చెప్పడానికి సిగ్గుపడ్డానని ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను.

జాషువా పేరైనా చెప్పి ఉండాల్సింది. 1915, 16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే కథ, సంభాషణలు చదివే పని. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. ఆ హాల్లో చీకటి. ఆ గొంతు ఏ వాడదో చూసేవాళ్ళకు తెలియదు. కథ వింటున్నారు, అంతే. గబ్బిలం రాసిన కవి మొదటి శ్రోతలు వాళ్ళేనేమో అనిపిస్తుంది నాకు. ఆయన కవిత్వం గొంతెత్తి చదవడానికే పుట్టినట్టు ఎందుకుంటుందో, దానికి ఈ కొలువుకు ఏమైనా సంబంధం ఉందేమో ఎవరైనా పరిశోధించండి. నాకిప్పుడు ఓపిక లేదు, మీకు ఉంది.

కొందరు మిత్రులు సురభిని మొత్తంగా మన ఖాతాలో వేస్తుంటారు. ఆ తొందర వద్దు. సంచార కళాకారులు, పేదవాళ్ళు, సురభి నాటకాలవాళ్ళు అన్న పేరుతోనే బీసీ జాబితాలో ఉన్నారు. మాకు లేని స్టేజీ వాళ్ళకుంది. కానీ బళ్ళారి ప్లీడర్ల పక్కన ఒక పేరాగా వాళ్ళను కూర్చోబెట్టడమూ సరికాదు. ప్లీడర్లు ఇంటికి పోయి మర్నాడు కోర్టుకెళ్ళేవాళ్ళు. వీళ్ళు డేరాలోనే వండుకుని, డేరాలోనే కని, వాన పడితే ఆకలితో పడుకునేవాళ్ళు. ఇద్దరి మధ్యా తేడా చెప్పండి. మాకూ వాళ్ళకూ తేడా కూడా చెప్పండి.

2013లో నేను హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు మా జేజిని కంటి ఆపరేషన్‌కు తీసుకొచ్చాను. ఆ ఏడే సురభి బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. కట్టు విప్పి కళ్ళు కుదుటపడ్డాక ఒక సాయంత్రం సురభి మాయాబజార్‌కు ఆమెను పిలుచుకుపోయాను. ముందు వరసలో రెండు కుర్చీలు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. "బాగా ఆనుకోని కూసో జేజీ, టికెట్ కొన్న్యాం" అన్నాను. ఆనుకోలేదు.

ఉరుము శబ్దం వచ్చింది. మబ్బుల తెర కదిలింది. నారదుడు తంబుర పట్టుకుని గాల్లోంచి మెల్లగా దిగుతున్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కన ఒక చిన్న పిల్ల కుర్చీ మీద లేచి నిలబడింది. మా జేజి చప్పట్లు కొట్టలేదు. నారదుణ్ణి చూడలేదు కూడా. కొత్త కళ్ళద్దాలు సర్దుకుని, పక్కకు ఒంగి, స్టేజీ వార చీకట్లోకి మెడ సాచి చూస్తోంది.

"ఏం జేజీ, ఏం కావాల?" అన్నాను.

"తాడు ఎవరు లాగుతాండారో కనపడ్తాదేమోనని" అంది.