హద్దు గీయాలంటే ఇద్దరు కావాలి

ఆదోని కొండవాలున మేకలకు కంచె వేయడం చదును చేనులో వేసినంత సులభం కాదు. మిట్ట అడ్డు రావడంతో ఈ చివరి గూటం నుండి ఆ చివరి గూటం కనిపించదు. మా మదరసా మేకల కోసం కంచె వేసినప్పుడు అనుసరించిన పద్ధతిని పాఠకుల ముందుంచుతున్నాము.

మిట్టపై ఇద్దరు చెరొక కర్రతో, కొంత ఎడంగా, ఎదురెదురుగా నిలవాలి. ఒక్కొక్కరికి ఎదుటివారి కర్ర, దాని ఆవల చివరి గూటం కనిపించాలి. మొదటివారు ఎదుటి కర్రను తమకు కనిపించే గూటానికి సూటిగా జరిపిస్తారు. ఆపై రెండవవారు మొదటివారిని జరిపిస్తారు. ఇలా వంతులవారీగా జరుగుతూ పోగా రెండు కర్రలు, రెండు గూటాలు ఒకే వరుసలోకి వస్తాయి.

రాతి కూసాలను వాలును బట్టి కాక, గుండు కట్టిన దారాన్ని వేలాడదీసి నిలువుగా పాతాలి. తీగ ఎమ్మిగనూరు మగ్గంపై పడుగులా బిగుతుగా ఉండాలి. పల్లంలో బిగించిన తీగ కూసాన్ని పైకి లాగుతుంది కనుక అక్కడ గుంత మరింత లోతుగా తీయాలి. తీగ కింద మిగిలిన సందును రాళ్లతో మూయకుంటే మేకపిల్లలు దూరిపోతాయి.

రెండవ కర్ర పట్టుకోవడానికి మేము పక్క చేను రైతును పిలిచాము. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవారి మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. పాత ముళ్లకంప మిట్ట దగ్గర ఆయన చేనులోకి మూడడుగులు వంగి ఉన్నదని అప్పుడే తేలింది. ఆ నేల ఆయనకే చేరింది. ఇరువురం కళ్లారా చూసి గీసిన గీత గనుక ఎవరికీ సందేహం మిగలలేదు.