చేతి మీది పేరు

పాస్టరుగారికి ఇదేమి కోరిక అని నవ్వకండి. గత వేసవిలో మేము చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలని కొన్నాళ్లు గట్టిగానే అనుకున్నాము. అదీ మేము రాసిన పుస్తకంలోని బొమ్మనే.

సంగతి ఇది. కొన్నేళ్ల క్రితం ప్రభువు కృపను బట్టి రూతు గ్రంథం మీద 64 పేజీల చిన్న పుస్తకం రాసి గద్వాలలో అచ్చు వేయించాము. రూతు ఏరుకున్నది యవల వెన్నులే గాని, మన పాలమూరు పొలాలకు తగినట్టుగా అట్ట మీద జొన్నకంకి బొమ్మ పెట్టించాము. ఒక ఆదివారం యౌవనస్థుల కూటంలో ఒక తమ్ముడు చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. అదే జొన్నకంకి!

"అయ్యగారూ, ఇది మీ పుస్తకం మీది కంకే. కర్నూలుల ఏయించుకున్న. మీరు గూడ ఏయించుకోండ్రి, మీ పుస్తకమే గద" అన్నాడు.

మాకు లోలోపల సంతోషం పొంగింది. అమ్ముడుపోని ప్రతులు ఇంట్లో అటక మీద ఉన్నాయి. ఈ బిడ్డ మాత్రం దాన్ని ఒంటి మీద మోస్తున్నాడు. మనం రాసింది మనతో చివరిదాకా ఉండాలని ఏ రచయితకు ఉండదు? ఇంతలో వెనుక కూర్చున్న మరొక తమ్ముడు పుస్తకం తెరిచి, "గని అయ్యగారూ, 41వ పేజీల పచ్చబొట్టు పాపమని రాసిండ్రు గద?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన నడిగడ్డలో, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పచ్చబొట్టు కొత్త సంగతి కాదు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి, దీపపు మసిని ఆకు పసరులో కలిపి సూదులతో పొడిచేవారు. చుక్కలు, తేలు, తోబుట్టువు పేరు, పెనిమిటి పేరు. చనిపోయినప్పుడు సొమ్ములన్నీ ఒలిచి తీసుకుంటారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని మన అవ్వలు చెప్పేవారు. కరెంటు సూదికి 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అయితే పాత సూది అయినా, కొత్త మిషను అయినా పని ఒక్కటే: రంగును పైచర్మం దాటించి లోపలి పొరలో నిలపడం. అందుకే అది కడిగితే పోదు.

41వ పేజీలో మేము లేవీయకాండము 19:28ను ఆధారం చేసుకొని నాలుగు పంక్తులు రాశాము. ఆ వచనం చనిపోయినవారి కోసం ఒళ్లు కోసుకునే ఆచారంతో కలిపి ఆ మాట చెబుతున్నదని రాయలేదు. యెషయా 44:5లో ప్రభువుకు చెందినవాడు తన చేతి మీద ఆ సంగతి రాసుకోవడం గురించి ఉన్నది, అదీ రాయలేదు. ఐగుప్తులోని కోప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు లోపలివైపు సిలువ పొడిపించుకుంటారు, అదీ రాయలేదు. వీటన్నిటికంటె ముఖ్యంగా, ఒక అవ్వ గురించి రాయలేదు.

2006లో వేదాంత డిప్లొమా చేతికి రాగానే మేము నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లెలో సేవకు దిగాము. బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవారిలో ఒక పెద్దమ్మ ఉండేది. ముంజేతుల నిండా పచ్చబొట్లు. "ఈ గుర్తులతోనే నీళ్లలోకి దిగుతావా అవ్వా?" అని అందరి ముందు అడిగాము. వారం తిరగకముందే ఆమె సున్నమూ బట్టల సోడా కలిపి చేతికి పట్టించుకున్నది. చర్మం కాలి పుండు పడింది. మానడానికి నెలకు పైగా పట్టింది. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. మేమూ ఒక్క మాట అడగలేదు.

ఆ నిద్రలేని రాత్రి తరువాత వారంలోనే ఆమెను వెదుక్కుంటూ వెళ్లాము. ఇప్పుడు వనపర్తి దగ్గర కూతురింట్లో ఉంటున్నది. చేయి చూపించమన్నాము. ముడుతలు పడిన మచ్చ, దాని అంచున రెండు అక్షరాలు.

"మా తమ్ముని పేరు అయ్యగారూ. సిన్నప్పుడు ఇద్దరం ఒక్కనాడే పొడిపిచ్చుకున్నం, వాని చేతికి నా పేరు, నా చేతికి వాని పేరు. బొంబాయికి కూలికి పోయిండు, మళ్ల రాలే. ఫోటో గూడ లేదు. నాకు సదువు రాదు. గా నాలుగక్షరాలే గుర్తుపడుతుంటి."

మేము తల ఎత్తలేకపోయాము. క్షమించమని అడిగాము. ఆమె మా చేతి మీద చెయ్యి వేసి, "అప్పుడు మీరు సిన్నపిలగాడు. ఇంకా రెండున్నయి గద" అన్నది. తిరిగి వస్తూ బస్సులో యెషయా 49:16 గుర్తుకు వచ్చింది. దేవుడు మరచిపోనన్నవారిని చెక్కుకున్నది తన అరచేతుల మీదనే గదా! ఆమె చేసినది అంతకంటె భిన్నమా?

మేము కంకి పొడిపించుకోలేదు. మా పుస్తకాన్ని ఒంటి మీద మోయడానికి ముందు, మా మాట ఒకరి ఒంటి మీద చేసిన గాయాన్ని చూడవలసి వచ్చింది. దిద్దవలసింది మా చేతిని కాదు, 41వ పేజీని. అటక మీది ప్రతులన్నీ దింపి, ఆ పేజీలోని నాలుగు పంక్తుల మీద మేమూ మా గృహిణీ కూర్చొని తెల్ల కాగితం అతికించాము. మళ్లీ అచ్చు వేయిస్తే అక్కడ అవ్వ సంగతి ఉంటుంది. అందుకు ఆమెను అడిగి ఒప్పుకోలు తీసుకున్నాము.

యౌవనస్థులారా, పొడిపించుకోవాలనుకుంటే నిదానించండి. ఒకరికి వాడిన సూది నుండి కామెర్ల వ్యాధి, హెచ్.ఐ.వి. కూడ రావచ్చు. తరువాత కొంతకాలం రక్తదానం చేయనివ్వరు. సైన్యంలో చేరబోయేవారికి ఒంటి మీద ఎక్కడ ఉన్నదో చూస్తారు. ఇప్పటికే ఉన్నవారు సిగ్గుపడి సున్నం జోలికి పోకండి. ఇక తోటి సేవకులారా, ఒక చేతి మీది గుర్తును తప్పుపట్టే ముందు, "ఇది ఎవరి పేరమ్మా?" అని అడగండి. మేము ఆ మాట ఆనాడు అడగలేదు.